కేంద్ర ప్రభుత్వ ప్రాధాన్యాలను కాగితాల్లో చదవడం ఎలా

2024 జులై 23న కేంద్ర ఆర్థిక మంత్రి నిర్మలా సీతారామన్ లోక్‌సభలో బడ్జెట్ ప్రసంగం చదువుతుండగానే 'అమరావతికి 15 వేల కోట్లు' అన్న వార్త తెలుగు నేలంతా పాకిపోయింది. సాయంత్రానికి ఆ మాట కొందరి నోట కేటాయింపు అయింది, మరికొందరి నోట గ్రాంటు అయింది. ప్రసంగ పాఠంలో ఉన్నది వేరు. బహుపాక్షిక అభివృద్ధి సంస్థల ద్వారా ప్రత్యేక ఆర్థిక సాయం అందేలా చూస్తామని, ఆ ఆర్థిక సంవత్సరంలో 15,000 కోట్ల రూపాయలు ఏర్పాటు చేస్తామని, రానున్న సంవత్సరాల్లో అదనపు మొత్తాలు కూడా ఉంటాయని అందులో ఉంది. 'ఇస్తాం' అనడానికీ 'ఏర్పాటు చేస్తాం' అనడానికీ మధ్య ఉన్న దూరం అదే ఏడాది డిసెంబరులో తేలింది. ప్రపంచ బ్యాంకు 80 కోట్ల డాలర్లు, ఆసియా అభివృద్ధి బ్యాంకు 78.88 కోట్ల డాలర్లు రుణంగా మంజూరు చేశాయి. అమరావతికి డబ్బు దారి పడింది, అది నిజం. అయితే ఆ దారి అప్పు గుండా వెళ్తుందని జులైలోనే తెలుసుకోగలిగినవారు ప్రసంగ పాఠాన్ని స్వయంగా చదివినవారే.

ఏటా ఫిబ్రవరిలో పోటీ పరీక్షలకు చదువుకునే పిల్లలతో కూర్చుని ఇటువంటి కాగితాలు చదివిస్తుంటాను. ప్రభుత్వానికి ఏది ముఖ్యమో తెలుసుకోవాలంటే ఢిల్లీలో ఉండనక్కర్లేదని, ఎవరి విశ్లేషణ కోసమో ఎదురుచూడనక్కర్లేదని వారికి చెప్పే మాటనే ఇక్కడ కాస్త వివరంగా రాస్తున్నాను. నేతల ఉపన్యాసాల్లో అన్నీ ముఖ్యమైనవే. ఏది నిజంగా ముఖ్యమో నాలుగు చోట్ల బయటపడుతుంది: ఖర్చయిన డబ్బులో, చట్టంలో వాడిన క్రియాపదంలో, భారం ఎవరి మీద పడిందన్న లెక్కలో, నష్టం వస్తుందని తెలిసినా వదులుకోని నిర్ణయంలో. చదివే పద్ధతంతా ఈ నాలుగింటిని వెతకడమే.

ముందుగా దగ్గర పెట్టుకోవలసినవి

ఒక పెద్ద నోటుపుస్తకం, ఇంటర్నెట్ ఉన్న ఫోను ఉంటే చాలు, పత్రాలన్నీ ఉచితంగానే దొరుకుతాయి. రాష్ట్రపతి ప్రసంగం, బడ్జెట్ పత్రాలు, పార్లమెంటు ప్రశ్నోత్తరాలు, స్థాయీ సంఘాల నివేదికలు, మంత్రివర్గ నిర్ణయాలపై పత్రికా సమాచార కార్యాలయం విడుదల చేసే ప్రకటనలు, విదేశాంగ శాఖ వెబ్‌సైట్‌లోని సంయుక్త ప్రకటనలు ఈ పనికి ముడిసరుకు. బడ్జెట్ పత్రాలు ఇంగ్లిషు, హిందీ భాషల్లోనే ఉండటం మనకు పెద్ద ఇబ్బంది. మంత్రివర్గ నిర్ణయాల ప్రకటనలు తెలుగులో కూడా వస్తాయి. విషయం త్వరగా అర్థం చేసుకోవడానికి తెలుగు ప్రతిని చదవండి, అంకెలూ క్రియాపదాలూ మాత్రం మూలంతో సరిచూసుకోండి. అనువాదంలో మొదట జారిపోయేవి అవే.

ఒక్కరే కూర్చుంటే విసుగు పుడుతుంది కాబట్టి ఇద్దరు ముగ్గురు కలిసి చదవడం మేలు. ఒకరు అంకెలు చదువుతుంటే మరొకరు రాసుకోవచ్చు.

రాష్ట్రపతి ప్రసంగం

రాజ్యాంగంలోని 87వ అధికరణ ప్రకారం సార్వత్రిక ఎన్నికల తర్వాత జరిగే మొదటి సమావేశంలోనూ, ప్రతి ఏడాది మొదటి సమావేశంలోనూ రాష్ట్రపతి ఉభయ సభలను ఉద్దేశించి ప్రసంగిస్తారు. చదివేది రాష్ట్రపతి అయినా అందులోని ప్రతి మాటా మంత్రివర్గానిదే కనుక దీన్ని ప్రభుత్వం తన గురించి తాను చెప్పుకునే మాటగా చదవాలి. ఒక్క ఏడాది ప్రసంగం చదివితే ఏమీ తెలియదు, ఎందుకంటే ప్రతి ప్రసంగంలోనూ రైతు ఉంటాడు, మహిళలు ఉంటారు, యువత ఉంటుంది. వరసగా నాలుగైదు ఏళ్ల ప్రసంగాలు తీసుకుని, ఏ మాట కొత్తగా చేరింది, ఏ మాట చడీచప్పుడు లేకుండా వెళ్లిపోయింది అన్నది పట్టికగా రాసుకుంటే అసలు సంగతి తెలుస్తుంది. బడ్జెట్ ప్రసంగాలకూ ఇదే సూత్రం. 2022 నాటికి రైతుల ఆదాయాన్ని రెట్టింపు చేస్తామన్న లక్ష్యం 2016 బడ్జెట్ ప్రసంగంలో వినిపించింది. తీరా 2022 వచ్చేసరికి ఆ ఏటి బడ్జెట్ ప్రసంగంలో ఆ మాటే లేదు. గడువు తీరిన వాగ్దానాన్ని సమీక్షించకుండా వదిలేయడం కూడా ప్రాధాన్యం గురించి చెప్పే సాక్ష్యమే, దాన్ని నోటుపుస్తకంలోకి ఎక్కించాలి.

బడ్జెట్‌లో నాలుగు నిలువు వరుసలు

ఈ పనిలో అన్నిటికంటే ఎక్కువ సమయం ఇక్కడే పెట్టాలి. ప్రసంగం గంటన్నరలో ముగుస్తుంది, పత్రాలు ఏడాదంతా మాట్లాడుతూనే ఉంటాయి.

వ్యయ బడ్జెట్ పత్రంలో ప్రతి పద్దుకూ నాలుగు నిలువు వరుసలు ఉంటాయి. 2025-26 పత్రాన్నే తీసుకుంటే మొదటిది 2023-24లో వాస్తవంగా ఖర్చయిన మొత్తం, రెండోది 2024-25కు మొదట వేసిన బడ్జెట్ అంచనా, మూడోది అదే ఏడాదికి తర్వాత సవరించిన అంచనా, నాలుగోది 2025-26కు కొత్తగా వేసిన అంచనా. పత్రికల్లో పతాక శీర్షికలకు ఎక్కేది నాలుగో వరుస. మీరు చూడవలసింది రెండో వరుసకూ మూడో వరుసకూ మధ్య ఉన్న తేడా, ఎందుకంటే ఆశపడింది ఎంత, చేయగలిగింది ఎంత అన్నది అక్కడే రాసి ఉంటుంది.

గ్రామాల్లో ఇంటింటికీ కుళాయి నీరు అందించే జల్ జీవన్ మిషన్ పద్దు మీద వేలు పెట్టి అడ్డంగా చదవండి. 2023-24లో ఖర్చు దాదాపు 70,000 కోట్లు. 2024-25కు వేసిన అంచనా 70,163 కోట్లు. సవరించిన అంచనా 22,694 కోట్లు. 2025-26కు మళ్లీ 67,000 కోట్లు. నాలుగో అంకె ఒక్కటే చూసినవారు పథకానికి భారీగా నిధులు ఇచ్చారని అనుకుంటారు. అడ్డంగా చదివినవారికి అంతకుముందు ఏడాది వేసుకున్న మొత్తంలో మూడింట రెండొంతులకు పైగా కోతపడిందని తెలుస్తుంది. అదే ప్రసంగంలో పథకాన్ని 2028 వరకు పొడిగిస్తున్నట్టు ప్రకటించారు. ఈ మూడు విషయాలూ పక్కపక్కన పెట్టుకుంటే అడగవలసిన ప్రశ్న దానంతట అదే తయారవుతుంది: డబ్బు ఎందుకు ఆగింది, 67,000 కోట్లలో ఈసారి నిజంగా గ్రామాలకు చేరేది ఎంత? ఇంటి ముందు కుళాయి దిమ్మె కట్టి, పైపు మాత్రం రాని ఊరివారికి ఇది అంకెల విషయం కాదు.

మూడో వరుస కోసం తర్వాతి ఫిబ్రవరి దాకా ఆగనక్కర్లేదు. కంట్రోలర్ జనరల్ ఆఫ్ అకౌంట్స్ ప్రతి నెలా కేంద్ర ప్రభుత్వ జమాఖర్చులను విడుదల చేస్తారు, అందులో శాఖలవారీ ఖర్చు ఉంటుంది. డిసెంబరు నాటికి ఏదైనా శాఖ తన వాటాలో సగం కూడా ఖర్చు చేయలేదంటే ఫిబ్రవరిలో ఏం జరగబోతోందో ఊహించవచ్చు.

మొత్తాన్ని ఒక్కసారైనా దూరం నుంచి చూడాలి. 2025-26 అంచనాల్లో కేంద్రం మొత్తం వ్యయం సుమారు 50.65 లక్షల కోట్లు. అందులో వడ్డీలకే 12.76 లక్షల కోట్లు, అంటే ప్రతి నాలుగు రూపాయల్లో ఒక రూపాయి పాత అప్పుల మీద వడ్డీ. ఆస్తులు సమకూర్చే మూలధన వ్యయం 11.21 లక్షల కోట్లు, రక్షణకు 6.81 లక్షల కోట్లు. రక్షణ అంకెను కూడా విప్పి చూడాలి, అందులో పింఛన్లే 1.60 లక్షల కోట్లకు పైగా ఉంటాయి, ఆయుధాలు, విమానాలు, నౌకల వంటి మూలధన కొనుగోళ్లకు 1.80 లక్షల కోట్లు. 'రక్షణకు పెద్దపీట' అన్న శీర్షిక కింద ఇంత వివరం దాగి ఉంటుంది. ద్రవ్య లోటును స్థూల దేశీయోత్పత్తిలో 4.4 శాతానికి దించాలన్న లక్ష్యాన్ని కూడా ప్రాధాన్యంగానే రాసుకోవాలి. అప్పు తగ్గించాలని గట్టిగా అనుకున్న ప్రభుత్వం సంవత్సరాంతంలో ఏదో ఒక పద్దును కోస్తుంది, ఏ పద్దును కోసిందో, దేన్ని ముట్టుకోలేదో మూడో వరుస చెబుతుంది.

ధరల పెరుగుదలను మరిచిపోవద్దు. పీఎం కిసాన్ కింద రైతు కుటుంబానికి ఏటా ఇచ్చేది 2019లో 6,000 రూపాయలు, 2025-26లోనూ అంతే. ఎరువు బస్తాను, కూలిని, దుక్కి ఖర్చును నాటి ధరలతో పోల్చి చూసే రైతుకు ఆ 6,000 ఎంత కుంచించుకుపోయిందో ఎవరూ చెప్పనక్కర్లేదు. అంకె మారకపోవడాన్ని కొనసాగింపు అంటారా, తగ్గింపు అంటారా అన్నది చదివేవారు తేల్చుకోవలసిన విషయం. నా మటుకు నేను దాన్ని తగ్గింపు కిందే రాసుకుంటాను.

చట్టంలో క్రియాపదం, బిల్లులో వాటా

పోలవరం గురించి మాట్లాడేటప్పుడు నిధుల అంకె ఒక్కటే చెప్పుకోవడం మనకు అలవాటు. 2025-26లో కేంద్రం ఆ ప్రాజెక్టుకు 5,936 కోట్లు చూపింది, అంతకుముందే 2024లో సవరించిన వ్యయం 30,436.95 కోట్లకు ఆమోదం తెలిపింది. ఆ ఆమోదం వెంటే ఇంకో అంకె ఉంది, నీటిని 41.15 మీటర్ల మట్టం వరకు నిల్వ చేయడానికి అన్నది. ప్రాజెక్టు పూర్తి నీటిమట్టం 45.72 మీటర్లు. ఈ రెండు మట్టాల మధ్యనున్న 4.57 మీటర్ల మీదే జలాశయంలో ఎంత నీరు నిలుస్తుంది, ఇంకా ఎన్ని ఊళ్లు ఖాళీ చేయాలి, పునరావాసానికి ఎవరు ఎంత పెట్టాలి అన్నవన్నీ ఆధారపడి ఉన్నాయి. డబ్బు అంకె పక్కన ఉండే షరతును వదిలేసి చదివితే ఏమీ చదవనట్టే.

2014 నాటి ఆంధ్రప్రదేశ్ పునర్వ్యవస్థీకరణ చట్టంలోని 13వ షెడ్యూలు ఇటువంటి చదువుకు మంచి పాఠ్యపుస్తకం. రెండు రాష్ట్రాల్లోనూ ఒక్కో గిరిజన విశ్వవిద్యాలయాన్ని కేంద్రం స్థాపించాలని అందులో ఉంది. ఖమ్మం జిల్లాలో సమీకృత ఉక్కు కర్మాగారం విషయానికి వస్తే, ప్రభుత్వ రంగ ఉక్కు సంస్థ సెయిల్ ఆరు నెలల్లోగా సాధ్యాసాధ్యాలను పరిశీలించాలని ఉంది. మొదటిది 'స్థాపించాలి', రెండోది 'పరిశీలించాలి'. ఆంధ్రప్రదేశ్ గిరిజన విశ్వవిద్యాలయానికి 2019లో, ములుగులోని సమ్మక్క సారక్క కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయానికి 2023 డిసెంబరులో పార్లమెంటు చట్టం చేసింది. ఆలస్యమైనా స్థాపించక తప్పలేదు. ఖమ్మం జిల్లాకు అనుకున్న ఆ బయ్యారం ఉక్కు కర్మాగారం మాత్రం పరిశీలన దగ్గరే నిలిచిపోయింది. ఆ రెండు క్రియాపదాల తేడాను 2014లోనే జనం గట్టిగా పట్టుకుని ఉంటే బాగుండేదన్న బాధ నాకు ఇప్పటికీ ఉంది. కొత్త బిల్లు ఏది వచ్చినా ముందు క్రియాపదాల కింద గీతలు గీయండి.

ఆ తర్వాత డబ్బు ఎవరిదో వెతకండి. 2005 నాటి జాతీయ గ్రామీణ ఉపాధి హామీ చట్టంలో గ్రామీణ కుటుంబానికి ఏడాదికి 100 రోజుల పని హామీ ఉండేది, నైపుణ్యం అక్కర్లేని పనికి ఇచ్చే కూలి మొత్తాన్ని కేంద్రమే భరించేది. 2025 డిసెంబరులో దాని స్థానంలో పార్లమెంటు ఆమోదించిన కొత్త చట్టం హామీని 125 రోజులకు పెంచింది. శీర్షికలకు ఎక్కింది ఈ అంకె. చట్టం లోపలికి వెళ్తే ఈశాన్య, హిమాలయ రాష్ట్రాలను మినహాయించి మిగతా రాష్ట్రాల్లో ఖర్చును కేంద్రం 60, రాష్ట్రం 40 చొప్పున పంచుకోవాలని, రాష్ట్రానికి ఎంత అన్నది కేంద్రం ముందే నిర్ణయిస్తుందని, అది దాటితే రాష్ట్రమే భరించాలని, విత్తే, కోసే రోజుల్లో మొత్తం 60 రోజుల పాటు పనులు నిలపవచ్చని ఉంది. దీన్ని సమర్థించేవారికి వారి వాదన ఉంది, వ్యవసాయానికి కూలీలు దొరుకుతారని, రాష్ట్రాలకు బాధ్యత పెరుగుతుందని. వ్యతిరేకించేవారు ఖజానా ఖాళీగా ఉన్న రాష్ట్రంలో 125 రోజులు కాగితం మీదే మిగులుతాయని అంటున్నారు. ఏ పక్షం వారైనా ఒప్పుకోవలసింది ఒకటుంది: ఇకపై ఈ పథకం ఎలా నడుస్తుందో తెలుసుకోవాలంటే ఢిల్లీ బడ్జెట్‌తో పాటు అమరావతి, హైదరాబాద్ బడ్జెట్లలోని 40 శాతం వాటా పద్దునూ చూడాలి.

పార్లమెంటు జవాబులు

లోక్‌సభలో రోజుకు గరిష్ఠంగా 20 నక్షత్ర గుర్తు ప్రశ్నలకు మౌఖికంగా, 230 గుర్తు లేని ప్రశ్నలకు లిఖితపూర్వకంగా జవాబులు వస్తాయి. అసలు గని ఆ 230లోనే ఉంది. జిల్లా పేరు, పథకం పేరు కొట్టి వెతికితే రాష్ట్రాలవారీ పట్టికలు దొరుకుతాయి. 'విషయం పరిశీలనలో ఉంది', 'సమాచారం సేకరించి సభ ముందు ఉంచుతాం' వంటి జవాబులను తప్పించుకునే మాటలుగా కొట్టిపారేయకూడదు. పార్లమెంటు నియమాల ప్రకారం అటువంటివి హామీ కిందికి వస్తాయి, మూడు నెలల్లో నెరవేర్చాలి, నెరవేర్చారో లేదో చూడటానికి ప్రభుత్వ హామీల సంఘం ఉంది. అటువంటి జవాబు కనిపించిన తేదీని రాసుకుని, మూడు నెలలు లెక్కపెట్టి, ఆ తర్వాత మళ్లీ వెతకండి.

శాఖలవారీ స్థాయీ సంఘాలు 24 ఉన్నాయి, ఒక్కో దాంట్లో అన్ని పార్టీలకు చెందిన 31 మంది ఎంపీలు ఉంటారు. బడ్జెట్ తర్వాత ప్రతి శాఖ గ్రాంట్ల అభ్యర్థనలను, అంటే తనకు ఎంత డబ్బు కావాలని సభను అడిగే పత్రాలను, వారు పరిశీలించి నివేదిక ఇస్తారు. సభలో కేకలు వేసుకునే పార్టీలే ఈ సంఘాల్లో కూర్చుని శాఖ కార్యదర్శిని నిదానంగా నిలదీస్తాయి కాబట్టి, ఒక శాఖ గురించి ఒకే ఒక్క పత్రం చదివే సమయం ఉంటే నేను ఈ నివేదికనే చదవమంటాను.

విదేశాంగ విధానాన్ని డబ్బుతో మాత్రమే కొలవకూడదు

విదేశాంగ శాఖకు 2025-26లో చూపింది 20,517 కోట్లు, మొత్తం వ్యయంలో అర శాతం కూడా లేదు. దీన్ని చూసి విదేశాంగ విధానానికి ప్రాధాన్యం లేదనుకుంటే పొరపాటే. ఇతర దేశాలకు ఇచ్చే రుణాల్లో చాలా భాగం ఎగుమతి-దిగుమతి (ఎగ్జిమ్) బ్యాంకు ద్వారా వెళ్తుంది, వాణిజ్య ఒప్పందాలు వాణిజ్య శాఖ చేతిలో ఉంటాయి, చమురు మరో శాఖది, సరిహద్దు వ్యవహారాలు రక్షణ, హోం శాఖలవి. అయినా ఆ చిన్న బడ్జెట్‌లో దేశాలవారీ సాయం పట్టిక మాత్రం తప్పక చూడవలసినది. 2025-26లో అందులో అన్నిటికంటే పెద్ద వాటా భూటాన్‌ది, 2,150 కోట్లు. నేపాల్‌కు 700 కోట్లు, మాల్దీవులకు 600 కోట్లు. 'ఇరుగుపొరుగుకే ముందు పీట' అన్న విధానం మాటల్లోనే ఉందా, చేతల్లో ఉందా అన్నది ఈ పట్టికలో తేలుతుంది.

మాల్దీవుల కథ కొంచెం ఆగి చూడదగ్గది. 2023 నవంబరులో అధ్యక్ష పదవి చేపట్టిన మొహమ్మద్ ముయిజ్జు భారత సైనిక సిబ్బందిని వెళ్లిపొమ్మన్నారు, 2024 మే నాటికి వారు వెనక్కి వచ్చేశారు. మన దగ్గర ఆ ద్వీపాలకు విహారయాత్రలు మానేయాలన్న పిలుపులు హోరెత్తాయి. ఆ హోరు వింటూ కూర్చున్నవారికి సంబంధాలు తెగిపోయాయనే అనిపించింది. 2024 జులై బడ్జెట్‌లో ఆ దేశానికి 400 కోట్లు ఉన్న సాయం తర్వాతి ఏడాది అంచనాల్లో 600 కోట్లయింది. 2024 అక్టోబరులో ముయిజ్జు ఢిల్లీ వచ్చారు, 2025 జులైలో ప్రధాని నరేంద్ర మోదీ ఆ దేశ 60వ స్వాతంత్ర్య దినోత్సవానికి ముఖ్య అతిథిగా మాలే వెళ్లి 4,850 కోట్ల రుణ సదుపాయం ప్రకటించారు. హిందూ మహాసముద్రంలో ఆ ద్వీపాలున్న చోటు అలాంటిది, అక్కడ చైనాకు దారి వదలడం కంటే కోపాన్ని దిగమింగడమే మేలని ప్రభుత్వం లెక్కవేసుకుంది. వీధిలో కోపం ఎటు ఉన్నా పద్దు ఎటు వెళ్తోందో చూడాలని చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు కనిపించలేదు.

డబ్బు తర్వాత చూడవలసినవి మాటలు. దౌత్య భాషకు మెట్లు ఉంటాయి. 'గమనించాం' అన్నది కింది మెట్టు, 'ఆందోళన' దాని పైది, 'తీవ్ర ఆందోళన' ఇంకా పైది, 'ఖండిస్తున్నాం' చాలా పైది. రష్యా చమురు కొంటున్నందుకు మన సరుకుల మీద అదనంగా 25 శాతం సుంకం వేస్తున్నట్టు 2025 ఆగస్టు 6న అమెరికా ప్రకటించినప్పుడు, అది అన్యాయమని, సమర్థనీయం కాదని, అసమంజసమని మన విదేశాంగ శాఖ మూడు గట్టి మాటలతో స్పందించింది. ఆరు వారాల తర్వాత, సెప్టెంబరులో, హెచ్-1బి వీసా కొత్త దరఖాస్తులకు లక్ష డాలర్ల రుసుము ప్రకటించినప్పుడు అదే శాఖ కుటుంబాలకు కలిగే ఇబ్బంది రీత్యా దీనికి మానవీయ పర్యవసానాలు ఉండవచ్చని, అమెరికా అధికారులు వాటిని తగిన రీతిలో పరిష్కరిస్తారని ఆశిస్తున్నామని చెప్పింది. ఒకే దేశం, ఒకే శాఖ, రెండు వేర్వేరు మెట్లు. చమురు ఎవరి దగ్గర కొనాలన్నది దేశ సార్వభౌమాధికార విషయంగా, వీసాను ఎదుటి దేశం చేతిలోని విషయంగా మన ప్రభుత్వం చూసిందని ఈ రెండు ప్రకటనలనూ పక్కపక్కన పెడితే నాకు అర్థమైంది. వీసా మీద ఆశలు పెట్టుకున్న పిల్లలున్న తెలుగు ఇళ్లకు ఈ తేడా తెలియడం అవసరం.

ఒక్కోసారి ఒక్క పదమే విధానం. పహల్గాం దాడి తర్వాత 2025 ఏప్రిల్ 23న సింధు జలాల ఒప్పందంపై తీసుకున్న నిర్ణయాన్ని 'రద్దు' అని చెప్పుకున్నవారు చాలామంది. భద్రతా వ్యవహారాల మంత్రివర్గ సంఘం నిర్ణయం మాత్రం ఒప్పందాన్ని నిలిపి ఉంచడం, సరిహద్దు దాటి వచ్చే ఉగ్రవాదానికి మద్దతును పాకిస్తాన్ విశ్వసనీయంగా, వెనక్కి తిరగని విధంగా వదులుకునే వరకు. 1960 నాటి ఆ ఒప్పందంలో ఏ ఒక్క దేశమో తనంతట తాను రద్దు చేసుకునే వీలు లేదు. నిలిపి ఉంచడం అన్న మాటలో ఒత్తిడీ ఉంది, తిరిగి వచ్చే దారీ ఉంది.

ఐక్యరాజ్యసమితిలో వేసిన ఓట్లను ఒక పేజీలో రాసుకుంటూ ఉండండి. గాజాపై 2023 అక్టోబరు 27 నాటి తీర్మానంలో భారత్ ఓటు వేయకుండా దూరంగా ఉంది, డిసెంబరు 12న కాల్పుల విరమణ కోరిన తీర్మానానికి అనుకూలంగా ఓటు వేసింది, 2025 జూన్ 12న మళ్లీ దూరంగా ఉంది. ఓటు ఎందుకు అలా వేశామో చెప్పే వివరణ ప్రకటన చాలాసార్లు ఉంటుంది. ఓటు కంటే ఆ వివరణే ముఖ్యం, ఎందుకంటే ఏ వాక్యం లేనందుకు దూరంగా ఉన్నామో అందులో చెబుతారు.

ఒప్పందాల విషయంలో సంతకం, ఆమోదం, అమలు అన్న మూడు తేదీలనూ వేరువేరుగా రాసుకోవాలి. స్విట్జర్లాండ్, నార్వే, ఐస్‌లాండ్, లీచెన్‌స్టైన్‌లతో కూడిన ఎఫ్టా కూటమితో వాణిజ్య ఒప్పందంపై సంతకాలు 2024 మార్చి 10న జరిగితే అది అమల్లోకి వచ్చింది 2025 అక్టోబరు 1న. సంతకం రోజున లడ్డూలు పంచుకున్న ఎగుమతిదారు మొదటి ప్రయోజనం చూడటానికి ఏడాదిన్నర ఆగవలసి వచ్చింది.

రెండూ కలిసే చోటు

స్వదేశీ విధానం, విదేశీ విధానం అని రెండు పేజీలుగా రాసుకున్నా అవి ఒక చోట కలుస్తాయి. భీమవరం పరిసరాల్లోని రొయ్యల చెరువు గట్టు మీద నిలబడితే ఆ చోటు కనిపిస్తుంది. 2025 ఫిబ్రవరి 13న ప్రధాని, అమెరికా అధ్యక్షుడు డొనాల్డ్ ట్రంప్ వాషింగ్టన్‌లో విడుదల చేసిన సంయుక్త ప్రకటనలో రెండు దేశాల వాణిజ్యాన్ని 2030 నాటికి 500 బిలియన్ డాలర్లకు పెంచాలని ఉంది. ఆగస్టు 27 నాటికి మన సరుకుల్లో చాలావాటి మీద అమెరికా సుంకం 50 శాతానికి చేరింది. ఆ నెలలో వంద కౌంట్ (కిలోకు వంద తూగే) రొయ్య ధర పడిపోయి, మేత బాకీలు తీర్చడమెలాగని రైతు తలపట్టుకున్నాడు. చమురు అవసరంలో 85 శాతానికి పైగా బయటి నుంచే తెచ్చుకునే దేశం, పెట్రోలు ధర కోసం రష్యా చమురును వదులుకోలేదు. దాని ఖరీదులో కొంత భాగం గోదావరి డెల్టాలోని చెరువు కట్టింది. నష్టం వస్తుందని తెలిసినా వదులుకోని నిర్ణయం అని మొదట్లో అన్నది దీన్నే. ఆ నిర్ణయం దేశానికి అవసరమైనదే కావచ్చు. అలా అయితే భారం మోసిన రైతుకు ఊరట ఏ పద్దులో ఉంది అని అడగడం కూడా ఈ చదువులో భాగమే. సుంకాలు మారుతూ ఉంటాయి కాబట్టి మీరు చదివే రోజున ఉన్న రేటును సరిచూసుకోండి. బ్రిటన్‌తో 2025 జులై 24న సంతకమైన ఒప్పందంలో మన సముద్ర ఉత్పత్తులపై సుంకం ఎత్తివేసే హామీ ఉంది కనుక దాని అమలు తేదీని కూడా అదే పేజీలో పెట్టుకోండి.

సొంత పుస్తకం

దేశమంతటినీ ఒకేసారి పట్టుకోవాలని చూడకండి. మీ జీవితానికి దగ్గరగా ఉన్న రెండు స్వదేశీ విషయాలు, ఒక విదేశీ విషయం ఎంచుకోండి. నేతన్న అయితే జౌళి శాఖ పద్దు, కొడుకు గల్ఫ్‌లో ఉంటే వలస కార్మికుల విషయం, గిరిజన గూడెంలో ఉంటే ఆశ్రమ పాఠశాలల నిధులు. ఒక్కో విషయానికి ఎదురెదురు రెండు పేజీలు కేటాయించి, ఎడమ పేజీలో ప్రభుత్వం అన్న మాటను దాని మూల వాక్యంతో, తేదీతో రాయండి. కుడి పేజీలో ఖర్చయింది, చట్టమైంది, జవాబుగా వచ్చింది రాయండి. మీ అభిప్రాయాన్ని వేరే రంగు సిరాతో రాస్తే ఏది వాస్తవమో, ఏది మీ ఊహో తర్వాత కలగాపులగం కాకుండా ఉంటుంది. మీకు నచ్చిన పార్టీ ప్రభుత్వంలో ఉన్నప్పుడు ఈ జాగ్రత్త ఇంకా ఎక్కువ అవసరం.

కుడి పేజీ ఖాళీగా మిగిలిన చోట ప్రశ్న పంపండి. ఆంధ్రప్రదేశ్ నుంచి 25 మంది, తెలంగాణ నుంచి 17 మంది లోక్‌సభ సభ్యులు ఉన్నారు. కచ్చితమైన ప్రశ్నను, అడగవలసిన శాఖ పేరుతో సహా ఒక్క పేజీలో రాసి సమావేశాలకు నెల ముందే ఇస్తే వారి కార్యాలయానికి పని సులువవుతుంది, ఎందుకంటే ప్రశ్నకు కనీసం 15 రోజుల ముందే నోటీసు ఇవ్వాలి. సమాచార హక్కు చట్టం కింద 10 రూపాయల రుసుముతో నేరుగా శాఖనే అడగవచ్చు, 30 రోజుల్లో జవాబు రావాలి. విదేశీ సంబంధాలకు హాని కలిగించే సమాచారాన్ని 8వ సెక్షన్ కింద నిరాకరించే వీలు వారికి ఉంది కాబట్టి ఏం మాట్లాడుకున్నారని అడగకుండా, ఎంత ఖర్చయింది, ఏ తేదీన విడుదలైంది అని అడగండి. జవాబు వచ్చిన రోజున దాన్ని కుడి పేజీకి అంటించి, తేదీ వేసి, వచ్చే ఫిబ్రవరి అంకె కోసం పక్కన ఒక నిలువు వరుస ఖాళీగా వదలండి.